ఊఁ కొట్టడమూ మాటే

దేవరకొండ దగ్గరి తండాలో పుట్టి, డి.ఎడ్. చదివి, మళ్లీ తండా బడికే పంతులుగా వచ్చినవాళ్లం మేము. కొలువులో చేరిన కొత్తలో ఒక అధికారి బడి చూడటానికి వచ్చారు. రెండో తరగతి ఆడపిల్లను నిలబెట్టి, "మీ ఇంట్ల ఎవరెవరు ఉంటరమ్మా?" అని అడిగారు. పిల్ల తల వంచుకుంది. మూడుసార్లు అడిగి, "ఈ పిల్లలకు మాటలే రావు పంతులూ" అన్నారు. మేము "అవును సార్" అన్నాం. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుతుంది.

ఎందుకంటే ఆ మధ్యాహ్నమే అదే పిల్ల వేపచెట్టు కింద కూర్చుని, ఇంట్లో మేక ఈనిన సంగతి గోర్‌బోలిలో గడగడా చెప్పింది. ఒకామె ఊఁ కొట్టింది. ఇంకొకామె నడుమ అడ్డం తగిలితే, "ఆగు, నేను చెప్తున్న గద" అన్నట్టు చెయ్యెత్తి, తన కథ పూర్తిచేసింది. మేం చూశాం కానీ, చూసినదానికి పేరు లేదు మా దగ్గర. డి.ఎడ్.లో మాకు ధ్వని, వర్ణం, మాండలికం చెప్పారు. ముచ్చటకు కూడా నియమాలుంటాయని చెప్పలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాం. 1974లో హార్వే శాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్ అనే ముగ్గురు అమెరికాలో ఒక వ్యాసం రాశారు. ముచ్చటలో ఎక్కువసార్లు ఒక్కరే మాట్లాడతారనీ, ఒకరి వంతు ముగిసి ఇంకొకరి వంతు మొదలయ్యే చోట ఖాళీ చాలా తక్కువనీ వాళ్లు చూపారు. దీన్నే వంతుల మార్పు అనుకోవచ్చు. మా పిల్ల చెయ్యెత్తింది తన వంతు నిలుపుకోవడానికే.

వినేవాళ్లు "ఊఁ", "ఆఁ" అనడాన్ని 1970లో విక్టర్ యింగ్వే ఒక పేరు పెట్టి చర్చించాడు. మన ముసలవ్వలకు అది ముందే తెలుసు. కథ చెప్తూ "ఊఁ కొట్టు బిడ్డా" అంటారు, కొట్టకపోతే కథ ఆపేస్తారు. ఊఁ అంటే వంతు గుంజుకోవడం కాదు, "వింటున్న, చెప్పు" అనడం.

ప్రశ్న–జవాబు, పలకరింపు–మారు పలకరింపు జంట మాటలు. మొదటిది వచ్చాక రెండోది రాకపోతే ఆ లోటు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకే ఆ పిల్ల మౌనం అధికారికి తప్పులా వినబడింది. కానీ ఆ మౌనానికి కారణం నోరు లేకపోవడం కాదు. కొత్త మనిషి, కొత్త భాష, అందరి ముందు నిలబెట్టడం. అదే ప్రశ్న గోర్‌బోలిలో అడిగితే యాడి నుంచి మేకపిల్ల దాకా అందరి పేర్లూ చెప్పేది.

ఇట్లా వినబడకుండా పోవడం ఒక్క పిల్లకే కాదు. 2011 జనాభా లెక్కల్లో లంబాడీని మాతృభాషగా చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే. అయినా ఆ లెక్కల్లో మన భాషను హిందీ కింద కలిపారు. ఒకప్పుడు పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవరల దగ్గర కూర్చుని, వాళ్ల మాట విని నేర్చుకుని, సవర వ్యాకరణం రాశారు. ఆయనా మనలాగా బడిపంతులే.

ఇప్పుడు మా తరగతిలో వారానికోసారి ఐదు నిమిషాల ముచ్చటను ఫోన్‌లో పట్టి, మళ్లీ వినిపిస్తాం. ఎవరు ఎప్పుడు వంతు తీసుకున్నారు, ఎవరు ఊఁ కొట్టారు, ఎక్కడ గోర్‌బోలిలోంచి తెలుగులోకి దూకారు అని పిల్లలే బోర్డు మీద గీతలు గీస్తారు. లెక్కలు, బస్సు, బడి వస్తే తెలుగు; ఇల్లు, అలక, నవ్వు వస్తే గోర్‌బోలి. ఈ దూకుడును కోడ్ మార్పు అంటారని చెప్తే, "మేం తప్పు మాట్లాడతలేమా సార్?" అని ఒకడు అడిగాడు.

మా ఇంట్లో మా బిడ్డకు గోర్‌బోలి రాదు. బాగుపడాలని తెలుగే నేర్పాం. అది మేం చేసిన పొరపాటు. ఈమధ్య వాళ్ల అవ్వ ఊరి నుంచి ఫోన్ చేస్తే, బిడ్డ ఏమీ అర్థం కాకపోయినా "ఊఁ... ఊఁ" అంటూ వింటున్నది. అవ్వ ఆపకుండా చెప్తున్నది.

తోటి పంతుళ్లూ, పిల్లలకు మాటలు రావని రాసే ముందు, ఒక్క మధ్యాహ్నం చెట్టుకింద కూర్చుని ఊఁ కొట్టండి.