నల్లబడిన డాలరు

మేము డాలస్‌లో ఉన్న రోజుల్లో పాత అమెరికా నాణెముల మీద మక్కువ పెంచుకున్నాము. ఒకసారి వేలంలో మూడు నెలల పొదుపు పోసి 1889 నాటి వెండి డాలరు కొన్నాము. నెవడా రాష్ట్రంలోని కార్సన్ సిటీ టంకశాలలో ఆ ఏడు ముద్రించినవి 3,50,000 మాత్రమే. వెనుకవైపు గద్ద క్రింద ఉన్న 'సి.సి.' అనే చిన్న అక్షరాలే దాని గుర్తు. 1918 నాటి చట్టం క్రింద అమెరికా ప్రభుత్వం సుమారు 27 కోట్ల వెండి డాలర్లను కరిగించింది. ఏ ఏటివి ఎన్ని కరిగాయో లెక్క వ్రాయలేదు.

మా డాలరు నల్లగా ఉంది. ఇంట్లో వెండి గ్లాసులు తోమినట్టే పళ్ళపొడితో తోమాము. తళతళలాడింది! ఎంతో మురిసిపోయాము. తర్వాత వేలంవారికి చూపిస్తే, భూతద్దంతో పరిశీలించి "దీన్ని తోమేశారే!" అన్నారు. గాలికి వెండి మీద పట్టే నలుపు దోషం కాదట. పైపొర చెడకుండా ఉండడమే విలువట. మేము తోమినందువల్ల సన్నని గీతలు పడ్డాయి, ధర సగానికి పడిపోయింది.

ఆ వారమే మా జిల్లా అబ్బాయి ఒకడు ఇంటికి వచ్చి, "భలే మెరుస్తోంది వదినగారూ, మీరు కొన్న ధరకే నాకు ఇవ్వండి" అన్నాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. చెప్పకపోతే అతనికి తెలియదు. మూడు నెలల పొదుపు తిరిగి చేతికి వస్తుంది. కాసేపు మాట రాలేదు. చివరకు భూతద్దం అతని చేతిలో పెట్టి గీతలు చూపించాము. అతడు కొనలేదు.

ఆ డాలరు ఇప్పటికీ మా బీరువాలోనే ఉంది. మెల్లగా మళ్ళీ నల్లబడుతోంది. మీ ఇంట తాతలనాటి వెండి రూపాయలుంటే దయచేసి తోమకండి.