గాలెక్కడో లీకవుతోంది

ఆ చప్పుడు ఫోన్లో విని మా నాన్న అన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “గాలెక్కడో లీకవుతోందిరా. హోస్ పైపు ఊడిందేమో చూస్కో.”

లీకు కాదది. 230 డాలర్లు పోసి కొనుక్కున్న చప్పుడు.

2003 వేసవి. మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్ళో ముగ్గురం తెలుగువాళ్ళం ఒకే అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. ఒకడు ప్రాజెక్టు లేక అప్పటికి ఐదు నెలలుగా బెంచి మీద ఉన్నాడు. ఎవరూ అడక్కపోయినా రోజూ పప్పు వాడే వండేవాడు. నాకు ఉద్యోగం ఉంది, ఉద్యోగం ఉన్నవాడి పొగరూ ఉంది. ఆ పొగరుతోనే సెకండ్ హ్యాండులో 2002 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ కొన్నాను. నీలం రంగు, రెండు లీటర్ల టర్బో ఇంజను, 227 హార్స్ పవరు, బానెట్ మీద గాలి పీల్చుకునే ముక్కు. విజయవాడ ఆటోనగర్ లారీ మెకానిక్ కొడుకుని, అంత బండి కొని నలుగురికీ తెలియకుండా ఎలా తిరుగుతాను? ఆ జూన్‌లోనే ‘టూ ఫాస్ట్ టూ ఫ్యూరియస్’ వచ్చింది. సినిమా వదిలాక పార్కింగ్ లాటంతా బుస్సు బుస్సుమని ఒకటే మోత. నా బండి ఒక్కటే మూగది.

ఆ మోత బ్లో ఆఫ్ వాల్వుది. టర్బో గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తూ ఉంటుంది. గేరు మార్చడానికి కాలు తీయగానే థ్రాటిల్ మూసుకుంటుంది. వస్తున్న గాలికి ముందుకు దారి లేదు, వెనక్కి మళ్ళి టర్బో రెక్కల మీదే పడుతుంది. ఆ క్షణంలో పక్కనో తలుపు తెరుచుకుని గాలిని వదిలేయాలి. ఒక స్ప్రింగు, ఒక డయాఫ్రమ్, ఇంజను నుంచి వచ్చే సన్నటి వాక్యూమ్ గొట్టం, అంతే ఆ తలుపు. నా కారుకి కంపెనీవాళ్ళే ఒకటి పెట్టారు. కాకపోతే అది వదిలిన గాలిని బుద్ధిగా టర్బో ముందున్న గొట్టంలోకే తిప్పి పంపుతుంది, అందుకే చప్పుడుండదు. నాకు కావలసింది బజార్లోకి వదిలేది.

ఏది కొనాలో తేల్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఏం చూశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. స్ప్రింగు ఎంత గట్టిది, 14 పౌండ్ల బూస్టులో బిగుసుకుని ఉంటుందా, ఐడ్లింగులో తెరుచుకుపోతుందా, ఇవేవీ కాదు. చప్పుళ్ళు విన్నాను. హెచ్‌కేఎస్ కంపెనీవాళ్ళది పిచ్చుక కూత. ఇంకొకటి తాచుపాము. మరొకటి మా విజయవాడ బీసెంట్ రోడ్డులో గోలీసోడా కొట్టినట్టు. సోడాకే నా ఓటు.

మా పై వాటాలో రాజమండ్రి ఆయన ఉండేవారు. ఇంజన్లు క్యాలిబ్రేట్ చేయడమే ఆయన ఉద్యోగం. అందరం గురువుగారనేవాళ్ళం. ఇప్పుడు ఆయన ముఖం సరిగా గుర్తు రావడం లేదు; వాల్వుని తూకం వేస్తున్నట్టు పట్టుకున్న అరచెయ్యి మాత్రం గుర్తొస్తుంది. “నీ కారులో గాలిని లెక్కపెట్టే మీటరు గుమ్మంలోనే ఉంటుందయ్యా. పెళ్ళిలో గుమ్మం దగ్గర తలలు లెక్కపెట్టి వందమందికి అన్నం వండేశారనుకో. ఈలోగా నువ్వు ఇరవైమందిని పెరటి దారిన పంపించేశావు. మిగిలిన అన్నం ఏం చేస్తావు?”

అన్నమంటే పెట్రోలు. లెక్కకి మించి పడుతుంది, ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. మొన్న హైదరాబాదులో మా అక్క కొడుక్కి ఇదే పెళ్ళి కథ చెప్పాను. వాడిదీ టర్బో కారే. అందులో ఆ వాల్వు టర్బో మీదే ఉంటుంది, కంప్యూటరు చెబితేనే తెరుచుకుంటుంది. దాన్ని పీకి బయటికి కూసేది పెట్టించాలని వాడి తాపత్రయం. కథంతా శ్రద్ధగా విని, “అయితే సౌండ్ ఎలా ఉంటుంది మామయ్యా?” అన్నాడు. కోప్పడే హక్కు నాకెక్కడిది? నేనూ గురువుగారికి తలూపి, ఆ శనివారమే పానా పట్టుకున్నాను. వెనక్కి వెళ్ళే గొట్టం నోటికి రబ్బరు మూత పెట్టి క్లిప్పు బిగించాను. పాత వాల్వు బూట్ల పెట్టెలోకి పోయింది.

అప్పట్లో రాత్రి తొమ్మిది దాటితే సెల్ నిమిషాలకి డబ్బులుండేవి కావు. కాలింగ్ కార్డు నంబరు కొట్టి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ ఉదయం ఆరున్నర, టీ తాగి షెడ్డుకి బయల్దేరే వేళ. బెంచి మీదున్నవాడు పక్కసీట్లో కూర్చుని ఫోను కిటికీ బయటికి పట్టుకున్నాడు. మూడో గేరులో తొక్కి, కాలు తీశాను. సోడా కొట్టింది. అప్పుడే నాన్న ఆ మాటన్నారు.

ఆయనకి టర్బోలు తెలియక కాదు, టర్బో లారీలు విప్పి బిగించిన చేతులే. కానీ గాలి దారికి అలా అడ్డంపడే థ్రాటిల్ ఆ డీజిల్ ఇంజన్లకి లేదు, కాబట్టి ఈ తలుపూ ఆయన చూసి ఎరగరు. ఆయన లోకంలో గాలి బయటికి పోతోందంటే బ్రేకులు పోతున్నాయని. నేను విసుక్కున్నాను. ఏమన్నానో గుర్తులేదు, లేకపోవడమే నయం.

ఆగస్టు 14, గురువారం. సాయంత్రం నాలుగు దాటాక ఆఫీసులో కరెంటు పోయింది. న్యూయార్కులోనూ పోయిందని కాసేపటికి కారు రేడియోలో విన్నాం. విమానాలు గుద్ది రెండేళ్ళేగా అయింది, అందరి మొహాల్లో ఒకటే అనుమానం. గురువుగారి కారులో పెట్రోలు లేదు, కరెంటు లేక బంకులు మూగబోయాయి. ఏడో నెల కడుపుతో ఉన్న వాళ్ళావిడని డాక్టరు దగ్గర్నుంచి నేను తీసుకొస్తున్నాను. బిగ్ బీవర్ రోడ్డులో సిగ్నళ్ళన్నీ చచ్చిపడి ఉన్నాయి. ప్రతి కూడలిలో ఆగడం, కదలడం. తొక్కి, కాలు తీసి, క్లచ్ నొక్కానో లేదో ఇంజను ఆగిపోతోంది. మూడోసారి సరిగ్గా కూడలి నడిమధ్య ఆగింది. నాలుగు వైపులా కార్లు, మండే ఎండ, లోపలికి పచ్చి పెట్రోలు వాసన. ఆవిడ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, “తమ్ముడూ, ఇది రోజూ ఇంతేనా?” అంది.

“వేడికక్కా,” అన్నాను.

ఆ రాత్రి గురువుగారే టార్చి పట్టుకున్నారు, నేను పాత వాల్వు బిగించాను. ట్రాయ్ ఆకాశంలో అన్ని చుక్కలున్నాయని అంతవరకూ తెలియదు. నేను చెప్పలేదా అని ఆయన అనలేదు. “పెరటి తలుపు వేసెయ్యి,” అన్నారంతే.

ఆ డిసెంబరులో ఇంటికెళ్తూ ఆ సోడా వాల్వుని సూట్‌కేసులో పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు, లీకు కాదని నిరూపిద్దామనేమో. షెడ్డులో కిరోసిన్‌లో నానేసిన బేరింగుల వాసన. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, సన్న గొట్టం మూతిని లుంగీ అంచుతో తుడిచి, నోట్లో పెట్టుకుని గాలి పీల్చి నాలుకతో మూశారు. కాసేపు కదలకుండా కూర్చున్నారు. నాలుక తీయగానే తుస్సుమంది.

“డయాఫ్రమ్ పట్టుకునే ఉంది. బానే ఉందిగా,” అన్నారు. “మరెందుకు తీసేశావురా?”