కలిగిరి సీమ పాత పటములు

నెల్లూరు మండలపుఁ బడమటి మెట్టసీమలో, ఉదయగిరికిఁ దూర్పున, కలిగిరి కలదు. ఇచట వానచెరువే యూరికిఁ దల్లి.

1802వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన లాంబ్టన్ దొర మదరాసునొద్ద నారంభించిన కొలఁత యాధారముగా, సర్వేశాఖవారు పిమ్మట మైలు కొక యంగుళము చొప్పున దేశపటములను వ్రాసిరి. వానిలో నీలిరంగు నీటిజాడ. గోధుమవన్నె గీఁతలు నేల యెత్తు. గీఁత లొత్తుగా నున్నచోట వాలు మెండు; వాననీ రచట వడిగా దిగును.

పొలముగట్ల తగవు దీర్చుటకు గ్రామపటము వలయును. కాని యే వాఁగు ఏ చెరువున కెక్కునో, ఒక చెరువు అలుగునీరు ఏ యూరికిఁ బోవునో చూపునది యీ పటమే. చెరువు పూడి దున్నఁబడినచో దాని మేర పెద్దల జ్ఞాపకమున మిగులును, వారితోడనే పోవును. పటములోని గీఁత నిలుచును.

బిందె మోయు చేతులకే యీ గీఁతల యక్కఱ యెక్కువ. మీ బిడ్డలకుఁ బటము చూపి, మన చెరువునకు నీ రెందుండి వచ్చునో వ్రేలితో జూపు మనుఁడు.