నోట నమస్కారం, చేత రాయి

కాచిగూడ రైల్వే స్టేషనుకు సమీపంలోని ఒక శివాలయంలో అర్చకత్వం నా వృత్తి. ప్రతిదినం ఉదయం నమక చమకాలతో స్వామికి అభిషేకం చేస్తాను. మా కులదైవం మాత్రం అహోబిల నారసింహుడు. గత సంవత్సరం ఒక్కడినే ఎగువ అహోబిలం చేరి, ప్రాతస్సంధ్య ముగించుకొని, మడిపంచెతో బయలుదేరాను. వరాహ నారసింహుని సేవించి, భవనాశిని వెంబడి జ్వాలా నారసింహుని సన్నిధికి ఎక్కి, తిరుగుదారిలో మాలోలుని దర్శించి, బయలుదేరిన చోటికే చేరాలని సంకల్పం. అడవిలో చుట్టి వచ్చే ఈ నడక కూడా ప్రదక్షిణమేనని నా భావన.

ఆలయం వెనుక నుండే గోధుమరంగు శునకం ఒకటి వెంటబడింది. యాత్రికులతో కుక్కలు నడవడం ఆ క్షేత్రంలో పరిపాటి. నాకు మడి చెడుతుందన్న భయం. రెండు మార్లు అదిలించాను, పోలేదు. మూడవమారు రాయి విసిరాను. కాలికి తగిలింది. మూలిగి, కొంత ఎడం పాటించి, మళ్ళీ నా వెనుకనే రాసాగింది.

శునకజాతితో నా పరిచయం వేదపాఠశాల నాటిది. గురుశిష్యుల నడుమగా కుక్క వెళితే ఆనాటికి అనధ్యయనమని ధర్మశాస్త్రం. పనస కంఠస్థం కాని రోజున ఏదైనా కుక్క ఇటు వస్తే బాగుండునని పిల్లలం ఎదురుచూసేవాళ్ళం. దానిపై నాకున్న ఆదరం అంతమాత్రమే.

వర్షర్తువు నాటి ఔద్ధత్యం లేకున్నా భవనాశిని రాళ్ళను ఒరుసుకుంటూ వేగంగా దిగుతోంది. జ్వాలా నారసింహుని సన్నిధికి చేరువలో పైనుండి ధార పడుతున్నది. దాని ఘోషలో మన మాట మనకే వినబడదు. అందులో స్నానమాడి, స్వామిని సేవించి, దిగివస్తూ తడిరాతిపై జారాను. మోకాలికి బలమైన దెబ్బ. లేవబోతే కాలు ఆనలేదు. కనుచూపుమేరలో మనిషి లేడు. ఆ కుక్క వచ్చి బారెడు దూరంలో కూర్చుంది. నేను అప్రయత్నంగా పంచె అంచును దగ్గరకు లాక్కున్నాను!

నొప్పి మరవడానికి మనసులోనే రుద్రం ప్రారంభించాను. నమకంలో నాలుగవ అనువాకం చివర శునకాలకు, శునకాల పాలకులకు నమస్కారం ఉన్నది. నలభై ఏళ్ళుగా స్వరం తప్పకుండా చెబుతున్న పదాలవి. సర్వాత్మభావమని భక్తులకు వ్యాఖ్యానించాను కూడా. ఆనాడు ఆ పదం వద్ద ఆగిపోయాను.

మహాభారతం చివర ధర్మరాజును అనుసరించిన శునకాన్ని అందరం స్మరిస్తాం. ఆదిపర్వంలోని శునకాన్ని తలచేవారు తక్కువ. జనమేజయుని సత్రయాగంలో అతని తమ్ములు సరమ బిడ్డను కొట్టారు. నా బిడ్డ హవిస్సును నాకలేదు, కనీసం చూడలేదు, ఎందుకు కొట్టారని ఆ తల్లి వచ్చి అడిగితే వారివద్ద సమాధానం లేకపోయింది. కనబడని భయం వారిని చేరుతుందని శపించి వెళ్ళింది. నా వెంట వచ్చిన ఈ ప్రాణి నా మడిని తాకలేదు. సరమ వచ్చి అడిగితే నేను మాత్రం ఏమి చెప్పగలను?

అరగంటకు కర్ర ఊతగా లేచాను. ప్రదక్షిణం సగంలో విడువరాదని మాలోలుని వైపే నడిచాను. ఇప్పుడది ముందు నడుస్తూ, ప్రతి మలుపులోనూ ఆగి వెనక్కి చూసేది. అప్పుడు గమనించాను, దాని వెనుకకాలు కుంటుతోంది. ఇద్దరం కుంటుతూనే ఎగువ ఆలయం చేరాం. నాకోసం తెచ్చుకున్న దధ్యోదనమంతా ఆకుపై పెట్టాను. చేత్తో తాకలేదు. ఆ ధైర్యం నాకు చాలలేదు.

ఇక్కడ ఒక దోషం ఒప్పుకోవాలి. వైశ్వదేవంలో యముని శునకాలైన శ్యామ శబలుల పేరిట తీసే బలిని మా ఇంట ఇన్నేళ్ళూ చెత్తబుట్టలో వేసేవాళ్ళం. ఇప్పుడు నేనే వీధి మొగకు తీసుకువెళుతున్నాను. అక్కడొక నల్లకుక్క ఉంది. మొదట్లో నన్ను చూడగానే పారిపోయింది, నా పాత అదిలింపులు ఎరిగినదే కదా. ఈ మధ్య నేను ఆకు పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసేదాకా నిలిచి, ఆ తరువాత తింటున్నది. ఇంటికి వచ్చి మళ్ళీ స్నానం చేసే అలవాటు మాత్రం నాకింకా పోలేదు.