గుండ్లకమ్మలో ఆ మూడు రోజులు

ఒంగోలు నుంచి ఉత్తరంగా పదహారు కిలోమీటర్లు వెళితే గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి ఉంటుంది. ప్రకాశం జిల్లా మద్దిపాడు మండలంలో ఓ మామూలు పల్లె. చుట్టూ పొలాలు, ఓ పక్కన ఏరు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ ఇక్కడికి వచ్చేసరికి సముద్రానికి దగ్గరపడుతుంది. ఎండాకాలంలో ఇసుక మేటలు, మధ్యలో సన్నటి పాయలు. వానలు పడ్డాయా... ఒడ్డులు ఒరుసుకుంటూ పారుతుంది.

ఈ ఊరి పేరు అమెరికాలోని వేదాంత పాఠ్యపుస్తకాల దాకా వెళ్లింది. 1878 జులై 3న ఇక్కడ, ఈ ఏటిలో, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందురోజు 614 మంది, మర్నాడు 700 మంది. మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది!

అంతకంటే ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకొకటుంది. దానికి ముందు పదిహేను నెలలపాటు ఇక్కడి మిషనరీ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కావాలని వచ్చినవాళ్లను కూడా తిప్పి పంపించాడు. బాప్తిస్మం లేకపోతే రక్షణ లేదని నమ్మేవాడైతే, లక్షలమంది ఆకలితో చనిపోతున్న కాలంలో అలా చేయగలడా? నీటికీ రక్షణకూ ఉన్న సంబంధమేమిటని క్రైస్తవులు రెండు వేల ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదం మన కోస్తా పల్లెల్లో ఎలా నడిచిందో తెలియాలంటే ఒంగోలు నుంచే బయల్దేరాలి.

కొండ మీది ప్రార్థన

ఒంగోలులో బాప్టిస్టులు ప్రార్థన కొండ అని పిలుచుకునే గుట్ట ఒకటుంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అయిదుగురు దాన్ని ఎక్కారు. నెల్లూరు నుంచి వచ్చిన మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు. ఈ ఊరికి ఒక బోధకుణ్ని పంపమని అక్కడ ప్రార్థన చేశారు. అప్పటికి అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ దాదాపు మూతపడే స్థితిలో ఉంది. ఏళ్ల తరబడి పనిచేసినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

పన్నెండేళ్ల తర్వాత, 1866లో, జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన మనిషి. లెక్కలు, కొలతలు తెలిసినవాడు. ఆ విద్య తర్వాత అక్కరకొచ్చింది. అదే ఏడాది ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ కులస్థుడు. అంతకుముందు ఒక గురువు దగ్గర యోగమార్గం నేర్చుకున్నవాడు. ఊరూరా తిరిగి తనవాళ్లకు బోధించింది ఆయనే.

ఆ రోజుల్లో బాప్తిస్మం అంటే నీళ్లలో మునిగి లేవడంతో అయిపోయేది కాదు. ఆదివారం పనిచేయకూడదు. చచ్చిన పశువుల మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడు నియమాలూ పాటించాలి. జాతరలో డప్పు కొట్టనన్నా, ఆదివారం పొలానికి రానన్నా ఊరి పెద్దలు ఊరుకునేవారా? మనసులో నమ్మకం ఎవరికీ కనిపించదు. బాప్తిస్మం మాత్రం ఊరందరికీ తెలుస్తుంది. అక్కణ్నుంచే కష్టాలు మొదలయ్యేవి.

కరువులో ఆగిపోయింది

1876లో దక్షిణాదిని పెద్ద కరువు పట్టుకుంది. రెండేళ్లు పీడించింది. ప్రభుత్వం కూలి పనులు కల్పించడానికి తీరం వెంబడి కాలువ తవ్వకం చేపట్టింది. తర్వాత బకింగ్‌హామ్ కాలువగా పేరుపడింది అదే. క్లౌ అందులో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుగా తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది వచ్చి మట్టి తవ్వారు, తట్టలు మోశారు, కూలి తీసుకుని బతికారు. పొద్దుగూకాక బోధకులు వాళ్ల మధ్యే కూర్చుని క్రీస్తు కథ చెప్పేవారు.

నమ్మామన్నవాళ్లు ఎక్కువయ్యారు. బాప్తిస్మం ఇమ్మన్నారు. క్లౌ ఇవ్వనన్నాడు. కూలి ఇచ్చేదీ తనే, బాప్తిస్మం ఇచ్చేదీ తనే అయితే, వచ్చినవాడు దేని కోసం వచ్చాడో ఎవరు చెప్పగలరు? రేపు వానలు పడి, పంటలు పండితే ఎంతమంది నిలబడతారు? గింజల కోసం మతం మారారన్న మాట పడటం ఆయనకు ఇష్టం లేదు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా తలుపు మూసేశాడు.

ఇందులో బాప్టిస్టు సిద్ధాంతం కూడా ఉంది. వాళ్ల లెక్కలో రక్షణ విశ్వాసం వల్ల వస్తుంది. బాప్తిస్మం ఆ విశ్వాసానికి బయటి గుర్తు, క్రీస్తు ఆజ్ఞకు విధేయత. తీసుకోకుండా చనిపోయినంత మాత్రాన నమ్మినవాడు నశించడు. అందుకే క్లౌ ఆగగలిగాడు. అదే కాలంలో ఓ కతోలిక గురువుకు అలా ఆగడం సాధ్యమయ్యేది కాదు. చావుబతుకుల్లో ఉన్నవాడు కోరుకుంటే ఎవరైనా, చివరికి క్రైస్తవుడు కానివాడైనా సరే, సభ ఉద్దేశంతో నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇవ్వవచ్చన్నది కతోలిక నియమం.

డబ్బుల్లేవన్నా కదల్లేదు

1878 జూన్ నాటికి కూలి పనులు అయిపోయాయి. సహాయ నిధులూ అయిపోయాయి. క్లౌ తన బోధకులను వెల్లంపల్లికి రమ్మన్నాడు. పాత విశ్వాసుల బాగోగులు మాట్లాడుకుందాం, కొత్తవాళ్లను వెంటబెట్టుకు రావద్దని చెప్పాడు. అయినా జనం వచ్చేశారు. వేల సంఖ్యలో ఏటి ఒడ్డున కూర్చున్నారు. ఇక ఇవ్వడానికి డబ్బుల్లేవు, వెళ్లిపొమ్మన్నాడాయన. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మమే కావాలన్నారు వాళ్లు.

కూలి ఆగిపోయాక కూడా వచ్చినవాళ్లను ఇక ఏ కారణం చెప్పి పంపాలి? క్లౌ సరేనన్నాడు. ఊళ్లవారీగా కూర్చోబెట్టారు. ఆయా ఊళ్ల బోధకులు ఒక్కొక్కరినీ ప్రశ్నించి, తెలిసినవాళ్లని నిర్ధారించుకుని పేర్లు రాసుకున్నారు. ఏరు నిండుగా పారుతోంది. ఆరుగురు తెలుగు బోధకులు వంతులు వేసుకున్నారు. ఇద్దరు నీళ్లలో నిలబడి ముంచుతుంటారు, అలసిపోతే మరో ఇద్దరు దిగుతారు. క్లౌ నీళ్లలోకి దిగలేదు, ఒడ్డున ఉండి చూసుకున్నాడు. పొద్దున మొదలై, మధ్యాహ్నం కాసేపు ఆగి, సాయంత్రానికి 2,222 మంది పూర్తయ్యారు. నీళ్లలో గడిపిన సమయం తొమ్మిది గంటలు. ఆ ఏడాది ముగిసేసరికి మొత్తం సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

ఈ లెక్క అమెరికాలో ఓ పాత తగాదాకు పనికొచ్చింది. పెంతెకొస్తు రోజున యెరూషలేములో మూడు వేలమంది చేరారని అపొస్తలుల కార్యముల గ్రంథం చెబుతోంది. పన్నెండుమంది అపొస్తలులు ఒక్క రోజులో అంతమందిని ముంచడం సాధ్యం కాదు, చిలకరించే ఉంటారని కొందరి వాదన. వెల్లంపల్లిలో ఆరుగురు, అదీ ఇద్దరిద్దరుగా, 2,222 మందిని ముంచారుగా అని బాప్టిస్టు పండితులు జవాబిచ్చారు.

ఒకే గ్రంథం... రెండు వైపులా

బాప్తిస్మం తప్పనిసరి అనేవాళ్లు యోహాను సువార్త మూడో అధ్యాయం తీస్తారు. నీటివల్లా ఆత్మవల్లా పుట్టాలని యేసు నీకొదేముకు చెప్పిన మాట అక్కడుంది. మార్కు సువార్త చివర్లో నమ్మి బాప్తిస్మం పొందేవాడికి రక్షణ అని ఉంది. పేతురు కూడా పెంతెకొస్తు రోజున పాపక్షమాపణ కోసం బాప్తిస్మం పొందమన్నాడు.

అవసరం లేదనేవాళ్లు మార్కులో అదే వాక్యం రెండో సగం చూపిస్తారు. శిక్ష నమ్మనివాడికేనని అక్కడుంది, బాప్తిస్మం ప్రస్తావన లేదు. సిలువ మీది దొంగ ఏ నీళ్లలో మునిగాడు? పరదైసు మాట అతడికే దక్కిందిగా! కొర్నేలి ఇంట్లో ఆత్మ ముందు దిగింది, నీళ్లు తర్వాత వచ్చాయి. తనను క్రీస్తు పంపింది బాప్తిస్మమివ్వడానికి కాదని పౌలే కొరింథీయులకు రాశాడు.

కతోలిక సభ మధ్యేమార్గం చెబుతుంది. సువార్త విని, జ్ఞానస్నానం కోరే అవకాశం ఉన్నవాళ్లకు అది అవసరం. కానీ దేవుడు తాను ఏర్పరచిన సంస్కారాలకు తానే బందీ కాడని 1992 నాటి సత్యోపదేశ గ్రంథం వివరిస్తుంది. కోరుకుంటూ చనిపోయినవాళ్లకు, విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్లకు నీళ్లు తగలకపోయినా ఫలం దక్కుతుంది. జ్ఞానస్నానం లేకుండా చనిపోయిన పసిబిడ్డల విషయంలో ఆశ పెట్టుకోవచ్చని వాటికన్ అనుమతితో 2007లో వెలువడిన వేదాంత పత్రం చెప్పింది.

రైలు దారిలో జవాబులు

ఒంగోలులో గుంటూరు వైపు రైలెక్కితే, వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఈ జవాబులన్నీ ఎదురవుతాయి. చీరాల దాటాక స్టువర్టుపురం, ఆపైన బాపట్ల, నిడుబ్రోలు. ఇది సాల్వేషన్ ఆర్మీ నేల. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో స్టువర్టుపురం సెటిల్‌మెంటును నడిపింది, నిడుబ్రోలులో ఆసుపత్రి పెట్టింది వీళ్లే. తెలుగులో రక్షణ సైన్యం. పేరులోనే రక్షణ ఉంది, బాప్తిస్మం మాత్రం లేదు! సంస్కారాల గురించి తగాదాలు పడేకంటే వాటిని పక్కన పెట్టడమే మేలని వ్యవస్థాపకుడు విలియం బూత్ 1883లో తేల్చేశాడు. కొత్తగా చేరేవాళ్లు జెండా కింద నిలబడి ప్రమాణం చేస్తారు.

గుంటూరు చేరితే లూథరన్లు. 1842లో ఇక్కడికొచ్చిన ఫాదర్ హయ్యర్ వేసిన పునాది అది. లూథరన్ల 1530 నాటి విశ్వాస ప్రకటనలో రక్షణకు బాప్తిస్మం అవసరమనీ, పసిపిల్లలకు కూడా ఇవ్వాలనీ ఉంది. అందుకే చంటిబిడ్డను తల్లి ఒడిలో తీసుకొచ్చి తలపై నీళ్లు పోయిస్తారు. ఆ బిడ్డే పెద్దయ్యాక ఏ పెంతెకొస్తు సంఘంలోనో చేరితే, చిన్నప్పటిది లెక్కలోకి రాదని మళ్లీ ముంచుతారు. బాప్తిస్మం ఒక్కసారే, రెండోది పనికిరాదని లూథరన్లూ కతోలికులూ అంటారు. రెండు సంఘాల మధ్య పెళ్లి సంబంధం కుదిరిన ఇళ్లలో ఈ తేడా ఒక్కోసారి పెద్దల పంచాయితీ దాకా వెళుతుంది.

మునిపల్లె మాస్టారు

పొన్నూరు దగ్గర మునిపల్లెది మరో దారి. అక్కడి హైస్కూల్లో పనిచేసిన కలగర సుబ్బారావు కమ్మ కుటుంబంలో పుట్టారు. 1942లో జబ్బుపడినప్పుడు క్రీస్తు తనకు దర్శనమిచ్చాడని ఆయన చెప్పేవారు. ఆ తర్వాత ఆయన దగ్గరకు ప్రార్థనల కోసం జనం రావడం మొదలైంది. క్రీస్తును గురువుగా, దైవంగా కొలిచారు. పాటలు రాశారు. బాప్తిస్మం మాత్రం వద్దన్నారు. తీసుకోకపోవడమే కాదు, దాన్ని గట్టిగా విమర్శించారు. అదీ ఒక కర్మకాండే, మనిషి తనలోని అహాన్ని వదులుకోవడమే అసలైన మునక అన్నది ఆయన వాదన. డెన్మార్క్‌కు చెందిన చరిత్రకారుడు కాజ్ బాగో 1968లో ఈ ఉద్యమంపై ఓ పుస్తకం రాశాడు. సుబ్బారావు 1981లో కన్నుమూశారు.

బాప్తిస్మం తీసుకోని కారణంగా ఆయన అనుచరులు తమ కులంలో, తమ ఇళ్లలోనే ఉండిపోయారు. వెల్లంపల్లిలో మునిగినవాళ్లలో ఎక్కువమందికి ఊళ్లో పోగొట్టుకోవడానికి గౌరవమంటూ మిగిలింది లేదు. వాళ్లకు ఆ ఏరు కొత్త పేరును, సమానంగా కూర్చునే పంక్తిని ఇచ్చింది. ఒకే ప్రశ్నకు ఇద్దరూ చెరో జవాబు చెప్పడంలో వేదాంతంతోపాటు ఈ సంగతికీ పాలుంది.

స్వాతంత్ర్యం వచ్చాక బాప్తిస్మానికి ఇంకో వెల ఏర్పడింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులను షెడ్యూల్డు కులాల కింద గుర్తించరు. క్రైస్తవంలోకి మారిన దళితులకు రాష్ట్రంలో బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంటుంది. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఓ కేసులో బాప్తిస్మం తీసుకున్న సంగతిని కూడా సుప్రీంకోర్టు పరిగణనలోకి తీసుకుని ఎస్సీ ధ్రువపత్రానికి నిరాకరించింది. నమ్మకం ఉన్నా నీళ్లలో దిగడానికి వెనకాడేవాళ్లకు చదువు, ఉద్యోగం గుర్తొస్తాయి. విశ్వాసాన్ని దాచుకోవడం విశ్వాసమేనా అని ఓ పాస్టరు అడగొచ్చు. పిల్లల చదువు మాటేమిటని ఓ తల్లి ఎదురు అడగొచ్చు. రెండూ కొట్టిపారేయలేని ప్రశ్నలే.

మళ్లీ ఏటి ఒడ్డుకు

ఒంగోలు నుంచి మద్దిపాడు మీదుగా వెల్లంపల్లికి గంటలోపే చేరుకోవచ్చు. వానాకాలం తర్వాత వెళితే ఏటిలో నీళ్లు చూడొచ్చు. అదే మండలంలోని మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయరు ఉంది, దాన్నీ చూసి రావచ్చు. తిరుగు ప్రయాణంలో ఒంగోలులోని జ్యూయెట్ స్మారక చర్చి, ప్రార్థన కొండ సాయంత్రానికి పూర్తవుతాయి.

ఈ ఒడ్డున నిలబడితే 2,222 అన్న అంకె ఒక్కటే గుర్తురావడం సహజం. దాని వెనకున్న పదిహేను నెలలను కూడా కలుపుకోవాలి. నీళ్లు లేకపోయినా దేవుడు చేయి వదలడన్న నమ్మకంతో ఒక మిషనరీ ఆగాడు. కూలి లేదు, సాయం లేదు, ఊరికి తిరిగి వెళితే తిట్లు తప్పవు... అన్నీ తెలిసే ఆ జనం ఏటిలోకి దిగారు. రక్షణకు బాప్తిస్మం తప్పనిసరో కాదో పండితులు ఇంకా తేల్చలేదు. ఆ రోజు వెల్లంపల్లిలో వరసలో నిలబడినవాళ్లకు మాత్రం అది లేకుండా ఇంటికి వెళ్లడం ఇష్టం లేకపోయింది.