వాలిన అక్షరాలు

పోయిన నెలలో ఇల్లు మారుతూ పాత పుస్తకాల అట్టపెట్టెలు విప్పితే, ఒకదాని అడుగున పల్చటి పుస్తకం ఒకటి దొరికింది. 32 పేజీలు, నడుమ రెండు స్టేపిల్ పిన్నులు. 2004 చలికాలంలో, అమెరికాలో చదువుకునే రోజుల్లో, నలుగురు స్నేహితులం మా కోసం మేమే తయారు చేసుకున్న ఆట పుస్తకమది. నియమాలు ఇద్దరు రాశారు. మొదట్లో ఉండవలసిన కథను మా గుంటూరు మిత్రుడు ఇంగ్లీషులో రాశాడు. పేజ్‌మేకర్ కాస్తో కూస్తో వచ్చిన పాపానికి పేజీలు కూర్చే పని నామీద పడింది. కథ రెండున్నర పేజీలు. దాన్ని ఎవరూ చదవలేదు. ఆట మొదలుపెట్టిన రాత్రి ఒకడు పుస్తకం తిరగేస్తూ "నియమాలు అయిదో పేజీ నుంచే కదా?" అన్నాడు. మిత్రుడు నవ్వి ఊరుకున్నాడు. ఆ తరువాత మాకోసం మరో కథ రాయలేదు.

అప్పట్లో కథ బాగాలేదేమో అనుకున్నాను. ఇప్పుడు ఆ పేజీ చూడగానే సంగతి బోధపడింది. కథంతా వాలు అక్షరాల్లో కూర్చాను. అక్షరాల వెనుక పాత తోలుకాగితం బొమ్మ ఒకటి లేత బూడిదరంగులో పరిచాను. పేజీని రెండు సన్నటి కాలమ్‌లుగా చీల్చాను. జెరాక్సు యంత్రం ఆ బూడిదరంగును నల్లటి చుక్కలుగా మార్చి అక్షరాల మీద చల్లింది. చీమలు పట్టిన చక్కెరలా ఉంది పేజీ. నియమాల భాగం మాత్రం నిటారు అక్షరాల్లో, తెల్లటి కాగితం మీద, ఎంతో మర్యాదగా ఉంది.

ఈ ఆటలు తెలియనివారికి రెండు మాటలు. రోల్ ప్లేయింగ్ ఆటలో నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు లోకాన్ని, అందులోని సంఘటనలను వర్ణిస్తూ ఆట నడుపుతాడు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర ధరించి తామేం చేస్తామో చెబుతారు. సందేహం వచ్చినచోట పాచికలు తేలుస్తాయి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అచ్చయిన వాటిలో మొదటిది. వీటి పుస్తకాలు విచిత్రమైనవి. సగం చట్టగ్రంథం, సగం కథల పుస్తకం. పట్టిక పక్కనే ఒక రాజు చచ్చిపోతుంటాడు. అందుకే ఏది నియమమో ఏది కల్పనో చదువరికి చెప్పే భారం అచ్చు మీద పడుతుంది.

నాకు తెలిసినంతలో ఆ భారాన్ని చక్కగా మోసిన ఉపాయం చాలా సాదాసీదాది: గీతల పెట్టె. 1979లో ఆరిజిన్స్ సమావేశంలో పోటీగా ఆడించి, 1980లో అచ్చువేసిన 'ది హిడెన్ ష్రైన్ ఆఫ్ టమోచాన్' అనే సాహసంలో, ఆట నడిపేవాడు పైకి చదివి వినిపించవలసిన వర్ణనలను పెట్టెల్లో పెట్టారు. పోటీలో అన్ని బల్లల దగ్గరా ఒకే వర్ణన వినిపించాలి కదా, ఆ అవసరానికి ఇది అతికినట్టు సరిపోయింది. పెట్టెలో ఉన్నది అందరూ వినవచ్చు, బయట ఉన్నది రహస్యం. అందం కోసం గీసిన గీత కాదది, తలుపు. చీకట్లో, నలుగురు మాట్లాడుతుండగా, ఒక్క చూపులో కంటికి దొరుకుతుంది.

1990ల నాటికి కథ పెట్టె దాటి పుస్తకమంతా పాకింది. 1991లో వచ్చిన 'వాంపైర్: ది మాస్కరేడ్' ఇందుకు పెద్ద పేరు. పచ్చటి పాలరాతి మీద ఎర్ర గులాబీ ఉన్న ఆ ముఖచిత్రం కోసమే పుస్తకం కొన్నవాళ్ళు నాకు తెలుసు. దాని ప్రచురణకర్తలైన వైట్ ఉల్ఫ్ వారి పుస్తకాల్లో కథకు పెద్దపీట. అయితే ఆ పదేళ్ళలో ఆ తరహా పుస్తకాలు ఎన్నో కథ కనబడగానే చేతిరాతను పోలిన ఖతులు, మసక నేపథ్యాలు, నల్లకాగితం మీద తెల్ల అక్షరాలు వాడేవి. నేను అనుకరించింది వాటినే. కథ అంటే ప్రత్యేకం, ప్రత్యేకం అంటే చదవడానికి కష్టం అన్న సూత్రం ఎప్పుడో నా బుర్రలోకి ఎక్కింది. కథను గౌరవించాననుకున్నాను. చదువరి మాత్రం "ఇది అలంకారం, దాటెయ్యవచ్చు" అని అర్థం చేసుకున్నాడు.

వాలు అక్షరాలను మాత్రం నిందించలేను. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్, ఫ్రాంచెస్కో గ్రిఫ్ఫో చెక్కిన వాలు అక్షరాలతో వర్జిల్ కావ్యాలను చిన్న సైజు పుస్తకంగా అచ్చువేశాడు. పుస్తకం మొత్తం వాలు అక్షరాలే. అప్పుడవి ఏ మాటనూ ఒత్తి పలికించడానికి పుట్టినవి కావు, చదవడానికే పుట్టినవి. నిటారు అక్షరానికి తోడుగా, వాక్యంలో ఒక మాటను, ఒక పుస్తకం పేరును వేరుచేసి చూపే కొలువులో అవి తరువాతి కాలంలో కుదురుకున్నాయి. కూరలో పోపులాంటిది ఆ పని. నేను రెండున్నర పేజీల పోపు వడ్డించాను.

మంచి ఉదాహరణలు లేకపోలేదు. 1989లో వచ్చిన 'షాడోరన్' నాకు ఇప్పటికీ ఇష్టం. దాని అనుబంధ పుస్తకాల్లో చాలావాటిని, ఆ కల్పిత లోకంలోని ఒక రహస్య కంప్యూటర్ కూడలిలో ఎవరో పెట్టిన పత్రంగా కూర్చారు. నడుమ నడుమ అక్కడి తుంటరులు, కిరాయి దొంగలు తమ మారుపేర్లతో వ్యాఖ్యలు విసురుతుంటారు. ప్రతి వ్యాఖ్యకూ ముందు వరుసగా బాణపు గుర్తులు, ఒక కొక్కెం. చివర మళ్ళీ కొక్కెం, బాణాలు. కింద పేరు, వేళ. వేరే హంగు ఏమీ లేదు. టైపురైటరు మీద కూడా కొట్టగలిగిన ఆ గుర్తులతోనే పదిమంది గొంతులు విడివిడిగా వినిపిస్తాయి. ఒకడు అబద్ధమాడుతున్నాడని ఇంకొకడు చెబితే గానీ మనకు తెలియదు.

1994లో మైక్ పాండ్‌స్మిత్ తెచ్చిన 'కాజిల్ ఫాల్కెన్‌స్టైన్' మరో దారి పట్టింది. మొదటి భాగమంతా టామ్ ఓలమ్ అనేవాడు మరో లోకపు పందొమ్మిదో శతాబ్దంలో పడిపోయి, తన అనుభవాలను రాసిన గ్రంథం. నియమాలు ఆ తరువాతే. అందులో పెద్దమనుషులు పాచికలు ముట్టరు గనుక ఆట పేకముక్కలతో సాగుతుంది. కథను నియమాల సందుల్లో ఇరికించకుండా, దానికి సొంత ఇల్లు కట్టించారన్నమాట. నియమం కోసం వెతికేవాడు విసుక్కుంటాడేమో, విసుక్కోనివ్వండి.

చేతిరాత ఖతులు పనికిరావని కూడా అనను. 2015లో పెల్‌గ్రేన్ ప్రెస్ వారి 'డ్రాకులా అన్‌రిడాక్టెడ్'లో బ్రామ్ స్టోకర్ నవలను పెంచి రాసి, దాని అంచుల్లో మూడు తరాల బ్రిటిష్ గూఢచారుల చేత వ్యాఖ్యలు రాయించారు. ఒక్కొక్కరిది ఒక్కో దస్తూరీ. అక్కడ చేతిరాత నిలబడడానికి కారణం, అది నాలుగైదు మాటలే ఉండడం, నవల మాత్రం నిటారుగా ఉండడం. 2020లో ఇంగ్లీషులో వచ్చిన స్వీడిష్ ఆట 'మోర్క్ బోర్గ్' సంగతి వేరు. యొహాన్ నోర్ కూర్చిన ఆ పుస్తకంలో ప్రతి పేజీ అరుస్తుంది, పసుపురంగు కళ్ళలో పొడుస్తుంది. కానీ తెలివైనవాళ్ళు, బొమ్మలూ ఆర్భాటమూ తీసేసిన ఉత్త పాఠాన్ని కూడా ఉచితంగా ఇచ్చారు. ఆ ధైర్యాన్ని అనుకరించినవాళ్ళు చాలామంది ఆ దయను మరిచిపోయారు.

ఇదంతా నాకు ముందే అర్థం కావలసింది. కిందటి వేసవిలో మేనకోడలి కోసం ఒక చిన్న సాహసాన్ని తెలుగులో రాశాను. పైకి చదవవలసిన భాగాలను పాత అలవాటు కొద్దీ వాల్చాను. పిల్ల కాగితం చేతిలోకి తీసుకుని, "మామయ్యా, ఈ అక్షరాలన్నీ పడిపోతున్నాయేంటి?" అంది. నిజమే. తెలుగు అచ్చుకు వాలు అక్షరాల సంప్రదాయం లేదు. మనం మీట నొక్కితే యంత్రం నిటారు అక్షరాన్నే పట్టుకుని వంచుతుంది. అసలే కుడివైపుకు లేచి ఉండే తలకట్టు ఇంకా ముందుకు తూలుతుంది; కిందనున్న ఒత్తు ఎడమకు జారి, తన అక్షరానికి కాక పక్కదానికి చెందినట్టు కనిపిస్తుంది.

మరేం చెయ్యాలా అని ఆలోచిస్తుంటే, తాతగారి కాలంనాటి కావ్యప్రతులు గుర్తుకొచ్చాయి. వాటిలో పద్యం ముందు 'సీ.', 'క.', వచనం ముందు 'వ.' అని ఉంటుంది. ఒక్క అక్షరం! ఇక్కడ గొంతు మారుతుంది, సిద్ధంగా ఉండు అని చదివేవాడికి చెప్పే గుర్తు. పద్యం పెద్ద అక్షరాల్లో, తాత్పర్యం చిన్న అక్షరాల్లో ఉండడం కూడా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రాత్రే వాలు తీసేసి, పైకి చదవవలసిన భాగాలను ఒక సైజు పెంచి, ముందు లావుపాటి 'వ.' పెట్టాను. నియమాలు చిన్న అక్షరాల్లోకి, తాత్పర్యాల చోటికి పోయాయి. మరునాడు 'వ.' రాగానే పిల్ల తనంతట తానే గొంతు సవరించుకుని, హరిదాసులా చదివింది. నేను నేర్పలేదు.

అట్టపెట్టెలో పుస్తకం దొరికాక, మిత్రుడి కథను మళ్ళీ కూర్చాలనిపించింది. దస్త్రం ఎక్కడుందో తెలియదు. కూర్చుని మొత్తం టైపు చేశాను. నిటారు అక్షరాలు, ఒకే కాలమ్, తగినంత అంచు. వెనుక ఏమీ లేదు. రెండున్నర పేజీలు నాలుగయ్యాయి. టైపు చేస్తుండగా రెండో పేజీలో చెయ్యి ఆగిపోయింది. నది దాటే పేరా ఒకటి ఉంది. దాని కింద మళ్ళీ అదే పేరా, అక్షరం పొల్లుపోకుండా. కూర్చేటప్పుడు నేనే రెండుసార్లు అతికించాను. నలుగురం పంచుకున్న పుస్తకంలో, ఇరవయ్యేళ్ళకు పైగా, ఆ తప్పు ఎవరికీ కనబడలేదు. నాకు కూడా. అంటే పేజీలు కూర్చిన నేను సైతం దాన్ని చదవలేదన్నమాట.

కొత్త ప్రతి పంపి, పేరా సంగతి ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను. రాత్రి ఫోన్ చేశాడు.

"ఆ పేరానా? జెరాక్సు షాపులోనే చూశాన్రా. ఎవరైనా చెబుతారేమోనని ఎదురుచూశా."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తరువాత గొంతు మార్చి, "మూడో పేజీలో ముసలావిడ మాటల దగ్గర ఒక కామా పోయింది, చూడు," అన్నాడు.

చూశాను. పోయింది. సరిచేసి మళ్ళీ పంపాలి.