ఎండలో పెట్టిన కొలిమి

మాది శ్రీకాకుళం. జిల్లా కాదు, కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. పొగకు ఇంట్లోవాళ్లు ఇబ్బంది పడతారని పెరట్లో, నీడ లేని చోట కత్తుల పని మొదలుపెట్టాను. లారీ బ్రేకు డ్రమ్మే కొలిమి. తిత్తికి బదులు పాత హెయిర్ డ్రయ్యర్. రైలు పట్టా ముక్కే దాగలి. మూలపడ్డ వాషింగ్ మెషిన్ మోటారుకు సానచక్రం బిగించాను. ఇనుము మాత్రం మంచిదే. బెజవాడ ఆటోనగర్‌లో తూకానికి కొన్న లారీ కమాను పట్టీలు. వాటిలో కర్బనం 0.6 శాతం దాకా ఉంటుంది కాబట్టి పదును బాగా నిలుస్తుంది.

కత్తులు చూడ్డానికి బాగుండేవి. చెరకు నరికేవాళ్లు వచ్చి కొనుక్కెళ్లారు. ఉయ్యూరు మిల్లుకు చెరకు తోలే రోజుల్లో ఒక కత్తి తోటలోనే విరిగింది. ముక్క ఎగిరి, నరుకుతున్న మనిషి మోకాలి కింద దిగింది. కుట్లు పడ్డాయి. కబురు తెచ్చిన కుర్రాడితో నేను అన్న మాట ఇదీ: "ఏ రాయికో కొట్టుంటాడ్లే." అలా అంటున్నప్పుడే నాకు అనుమానం ఉంది. ఏ కత్తినీ వంచి చూడకుండా, గట్టిదేనన్న నమ్మకంతో అమ్మాను.

విరిగిన ముక్క పట్టుకుని పక్క ఊరి కమ్మరి ఆచారి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని వెలుగుకు తిప్పి, విరిగిన అంచు చూపించారు. లోపల కల్లుప్పులా గింజ కట్టి మెరుస్తోంది. సరిగ్గా కాగిన ఉక్కు విరిగితే లోపల సన్నగా, బూడిద రంగులో మెరుపు లేకుండా ఉండాలట.

"కొలిమి ఎక్కడ పెట్టావు అబ్బాయ్?"

"పెరట్లోనండి, బయటే."

"ఎండలో నిప్పు రంగు ఏం కనపడుద్ది? ముందు చీకటి చేసుకో."

ఆయన కొట్టంలో పట్టపగలు కూడా మసక వెలుగే. పేదరికం వల్ల అలా ఉందనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. కమాను పట్టీని పదునుకు ముంచాల్సిన వేడి సుమారు 840 డిగ్రీలు. నీడలో ఆ వేడి నారింజ కలిసిన ఎరుపుగా తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో అదే వేడికి ఇనుము ఇంకా నల్లగానే ఉన్నట్టుంటుంది. నేను ఇంకా కాగలేదనుకుని గాలి పెంచి పసుపు తిరిగేదాకా కాల్చాను. అంత వేడికి లోపలి గింజ పెరిగి ఉక్కు పెళుసు బారింది.

రెండో తప్పు నీళ్లది. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కాగిన ఇనుమును మంచినీళ్లలో ముంచితే చుట్టూ ఆవిరి పొర కట్టి, చల్లారడం కాస్త నెమ్మదిస్తుంది. ఉప్పునీళ్లలో ఆ పొర నిలవదు. వేడి ఒక్కసారిగా పోతుంది. కమాను పట్టీ నూనెలో పదును పెట్టాల్సిన ఉక్కు. ఉప్పునీళ్లలో ముంచితే కంటికి కనపడని పగుళ్లు పడతాయి. ఆ పగులునే నేను సానపట్టి, పిడి బిగించి అమ్మాను.

17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు ఇనుము, ఉక్కు మా పక్కనున్న మచిలీపట్నం రేవు నుంచే ఓడలెక్కేవి. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కమ్మరులు మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా దాకా వెళ్లింది. వాళ్లకు ఉష్ణమాపకాలు లేవు. కంటితోనే వేడిని కొలిచారు. అంచేత నా బ్రేకు డ్రమ్ముమీద నేరం మోపడం తగదు. అదే డ్రమ్ము ఇప్పటికీ వాడుతున్నాను. చుట్టూ తడికలు కట్టి, పైన రేకు వేసి చీకటి చేశానంతే. తీగకు అయస్కాంతం వేలాడదీశాను. సుమారు 770 డిగ్రీల దగ్గర ఇనుము దానికి అంటుకోవడం మానేస్తుంది. ఆపైన ఇంకాస్త కాచి, గోరువెచ్చటి వేరుశనగ నూనెలో ముంచుతాను. తర్వాత పైన మసి గీకి, సన్నసెగ మీద మళ్లీ కాస్తాను. 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు వస్తుంది, వంటింటి కత్తికి అది చాలు. చెరకు కత్తి దెబ్బ తట్టుకోవాలి కాబట్టి గోధుమ రంగు దాటి ఊదా తిరగనిస్తాను.

గాయపడినాయన ఇంటికి ఆలస్యంగానే అయినా వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. ఆస్పత్రి ఖర్చు ఇస్తే తీసుకున్నారు. మళ్లీ నా దగ్గర కత్తి కొనలేదు, అది సబబే. ఆ విడతలో అమ్మినవన్నీ వెనక్కి తెచ్చుకుందామని ఊళ్లు తిరిగాను. కొన్ని దొరకలేదు. ఏ తోటలో, ఎవరి చేతిలో ఉన్నాయోనన్న బెంగ పోలేదు.

కొత్తగా కొలిమి పెట్టే తమ్ముళ్లకు నా విన్నపం ఒకటే. దొరికిన సామానుతోనే మొదలుపెట్టండి, కానీ గాలి గొట్టానికి జీఐ పైపు వద్దు. దాని మీది జింకు పూత కాలి వచ్చే పొగకు చలిజ్వరం వస్తుంది, నాకు వచ్చింది. ప్రతి కత్తి అంచునూ ఇత్తడి కడ్డీ మీద నొక్కి చూడండి. కొంచెం వంగి మళ్లీ నిటారుగా రావాలి. వంగిపోయి అలాగే ఉంటే మెత్తన, పెచ్చు లేస్తే పెళుసు. కళ్లకు అద్దాలు పెట్టుకుని, వైసులో బిగించి వంచి చూడండి. విరిగేదేదో మీ కొట్టంలోనే విరగనివ్వండి. అలా చూడని కత్తిని డబ్బుకే కాదు, ఊరికే కూడా ఎవరికీ ఇవ్వకండి.